పిల్లలకు వేషం కట్టడం నేర్పేటప్పుడు

ఆశ్రమ పాఠశాలల పిల్లలకు నాటకం నేర్పడానికి మేము కొన్నేళ్లుగా తిరుగుతున్నాం. మాలో టీచర్లు ఉన్నారు, రాసేవాళ్లు ఉన్నారు, డప్పు కొట్టేవాళ్లు ఉన్నారు. ఒక గూడెంలో ఓ పెద్దమనిషి మమ్మల్ని సూటిగా అడిగాడు. "లేనిది ఉన్నట్టు చూపెట్టుడు బయటోళ్ల విద్య. దాంతోనే మా భూములు పోయినయి. మళ్ల అదే విద్య మా పోరగాళ్లకు ఎందుకు నేర్పుతున్నరు సార్?"

ఆ రోజు మేము ఏదో సర్దిచెప్పి బయటపడ్డాం. నాటకం గొప్ప కళ అన్నాం. పిల్లలకు ధైర్యం వస్తుంది అన్నాం. ఆయన తల ఊపాడు కానీ ఒప్పుకోలేదు. తర్వాత ఆలోచిస్తే ఆయన ప్రశ్న అమాయకమైనది కాదని అర్థమైంది. తియ్యగా మాట్లాడి, అప్పు ఇచ్చి, చదవని కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నవాడు మంచి నటుడే కదా. నటన నేర్పడమంటే అబద్ధం నేర్పడమేనా? కాకపోతే తేడా ఎక్కడుంది? నాటకం నేర్పే ప్రతి టీచరూ ఈ ప్రశ్నకు తనకు తాను జవాబు చెప్పుకోవాలని మేము అనుకుంటున్నాం.

జవాబు వెతకడానికి మేము దూరం పోలేదు. దండారీలోకే తిరిగి చూశాం.

దీపావళి రోజుల్లో గోండు గూడేల్లో జరిగే దండారీలో గుస్సాడీలు ఉంటారు. నెమలి ఈకల టోపీకి పూజ చేసి తలకు పెట్టుకుంటారు. ఒంటికి బూడిద పూసుకుంటారు. దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. ఆ రోజుల్లో ఏత్మాసుర్ దేవత వాళ్లను ఆవహిస్తుందని మన నమ్మకం. అందుకే వాళ్లను మనుషుల్లా చూడం, మొక్కుతాం. అదే దండారీలో ఖేల్ కూడా ఉంటుంది. రాత్రిపూట ఒకడు ముసలి మొగుడవుతాడు, ఒకడు షావుకారవుతాడు, ఇంకో కుర్రాడు ఆడవేషం కట్టుకొస్తాడు. ఊరంతా కడుపుబ్బ నవ్వుతుంది. తెల్లారితే ఆ కుర్రాడిని ఎవరూ షావుకారు అనరు.

ఒకే పండుగలో రెండూ ఉన్నాయి. ఒకటి వ్రతం, ఇంకొకటి వేషం. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో మన పెద్దలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాబట్టి నటన బయటివాళ్ల విద్య కాదు, మనకూ ఉన్నదే. అబద్ధానికీ దానికీ తేడా కూడా ఖేల్‌లోనే కనిపిస్తుంది. అబద్ధంలో వేషం సంగతి ఒక్కడికే తెలుసు, ఎదుటివాడికి తెలియదు. ఖేల్‌లో చూపించేవాడికీ తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. మోసగాడు వేషాన్ని దాచుకుంటాడు. నటుడు అందరి ఎదుటా కట్టి, అందరి ఎదుటా విప్పేస్తాడు.

ఈ తేడా మరిచిపోతే ఏం జరుగుతుందో మేము ఒక బడి వార్షికోత్సవంలో చూశాం. ఎండాకాలం. ముఖ్య అతిథి వస్తున్నాడని ఒక పిల్లవాడి చేత గుస్సాడీ కట్టించాలనుకున్నారు. అట్టముక్కతో టోపీ చేశారు. పిల్లవాడు కదలలేదు. "తిడితే తిట్టుండ్రి సార్, నేను కట్ట" అన్నాడు. స్టేజీ భయం అనుకున్న టీచరు అతనికి ధైర్యం గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. మేమూ అక్కడే ఉన్నాం, నోరు విప్పలేదు. చివరికి ఇంకో పిల్లవాడు కట్టాడు, చప్పట్లు కొట్టారు. నిజానికి ఆ మధ్యాహ్నం ధైర్యం చూపినవాడు ఒక్కడే, కట్టను అన్నవాడు. అది భయం కాదని తెలిసి కూడా ఊరుకున్న తప్పు మాది.

అయితే గుస్సాడీ స్టేజీ ఎక్కనే కూడదా? మార్లవాయికి చెందిన కనక రాజు గుస్సాడీ ఆటను ఢిల్లీ దాకా తీసుకెళ్లాడు, ఎందరికో నేర్పాడు. 2021లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన వల్ల మన పేరు దేశానికి తెలిసింది. ఈ విషయంలో మాలోనే అందరిదీ ఒక మాట కాదు. కొందరం ఆట వేరు, దీక్ష వేరు, ఆట పంచుకోవచ్చు అంటాం. ఇంకొందరం పండుగ దాటితే టోపీ ముట్టకూడదు అంటాం. కానీ ఒక్క సంగతి మీద మాకు తగవు లేదు. ఏది బయటికి తేవాలో, ఏది గూడెంలోనే ఉంచాలో తేల్చవలసింది ఆ దేవతను మొక్కేవాళ్లు. అతిథికి స్వాగతం చెప్పే తొందరలో ఉన్న బడి కాదు.

ఇక నేర్పే విద్య సంగతి. గొంతు చివరి వరుసకు చేరాలని, కళ్లు ఎత్తి చూడాలని, ఊపిరి పొట్టలోంచి తీయాలని మేము నేర్పుతాం. మన పిల్లలు పెద్దల ముందు తల దించుకుంటారు. ఇంట్లో అది మర్యాద. ఆఫీసులో అదే తలదించుడు తప్పు చేసినవాడి భయంలా కనిపిస్తుంది. పిల్లలకు గొంతు లేదని టీచర్లు మాతో చెబుతుంటారు. అదే పిల్లలు సెలవుల్లో ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీది స్నేహితుణ్ణి పిలిస్తే లోయంతా వినిపిస్తుంది. గొంతు ఉంది. తనది కాని భాషలో కంఠస్థం చేసిన మాట దగ్గరే అది పూడిపోతోంది.

దీన్ని మనకన్నా ముందే ఒక పెద్ద దర్శకుడు తెలుసుకున్నాడు. 1959లో నయా థియేటర్ పెట్టిన హబీబ్ తన్వీర్ ఛత్తీస్‌గఢ్ పల్లెల నాచా కళాకారులను తెచ్చుకున్నాడు. మొదట్లో వాళ్ల చేత హిందీ మాట్లాడించాడు, ఎక్కడ నిలబడాలో, ఎటు కదలాలో తానే చెప్పాడు. తమ ఆటలో చెలరేగే ఆ కళాకారులు ఆయన నాటకంలో బిగుసుకుపోయారు. లోపం వాళ్లది కాదు, తన పద్ధతిది అని ఆయన గ్రహించాడు. వాళ్ల మాట వాళ్లను మాట్లాడనిచ్చాడు, వాళ్ల నడక నడవనిచ్చాడు. 1975 నాటి చరణ్‌దాస్ చోర్ అలా వచ్చినదే. పిల్లవాడు బిగుసుకుపోతే ముందు మన పద్ధతిని చూసుకోవాలన్నది మేము దాని నుంచి తీసుకున్న పాఠం.

అలాగని "మీకు ఆట పుట్టుకతోనే వచ్చు, నేర్పేదేముంది" అనే పొగడ్తను కూడా మేము నమ్మం. అలా అనేవాళ్లు మన పిల్లల చేత ఎప్పుడూ డ్యాన్సే వేయిస్తారు. లైట్లు ఇంకొకరి చేతిలో ఉంటాయి, నాటకం రాసేది ఇంకొకరు, నడిపించేది ఇంకొకరు. సినిమాల్లో ఆకులు కట్టుకుని అర్థం లేని కేకలు వేసే మనుషులుగా మనల్ని చూపింది అలాంటి చేతులే. కాబట్టి మా శిబిరంలో ఆడపిల్ల అయినా మగపిల్లవాడైనా ఒకసారి లైటు పట్టుకోవాలి, ఒకసారి తెర వెనుక వస్తువులు సర్దాలి, ఒక సన్నివేశం తానే రాయాలి, ఇంకొకరికి నేర్పాలి.

కొమురం భీము కథ వేసినప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. భీము కావడానికి అందరూ సిద్ధమే. జంగలాత్ జవాను కావడానికి ఎవరూ రాలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు కానీ రైతు వేషంలో ఉన్న స్నేహితుణ్ణి కొట్టలేక చేయి వణికింది. అప్పుడు స్టేజీ మీద దెబ్బ ఎలా కొడతారో నేర్పాం. ముందు ఇద్దరూ కళ్లలోకి చూసుకోవాలి. తినేవాడు సిద్ధమని సైగ చేయాలి. కొట్టేవాడి చేయి ముఖానికి తగలకుండా ముందు నుంచి పోతుంది. తినేవాడే చూసేవాళ్లకు కనబడకుండా చప్పట్లతో చప్పుడు చేసి తల తిప్పుతాడు. అంటే దెబ్బ ఎప్పుడు పడాలో తినేవాడే నిర్ణయిస్తాడు. తాతల కాలం నుంచి మనం తిన్న దెబ్బల్లో ఏ ఒక్కటీ ఇలా పడలేదు. పిల్లలు ఆ పద్ధతిని చాలాసార్లు చేసి చూశారు. తర్వాత జవాను వేషం కట్టినవాడు, "అతనికి కూడా పైనుంచి ఎవరో భయం పెట్టి ఉంటరు సార్" అన్నాడు. దెబ్బ తప్పని తెలుస్తూనే కొట్టినవాడి లోపలికి చూడగలగడం ఏ పాఠంలోనూ చెప్పలేం. వేషం కడితేనే తెలుస్తుంది.

1998లో పశ్చిమ బెంగాల్‌లో పురూలియాకు చెందిన బుధన్ శబర్ పోలీసు నిర్బంధంలో చనిపోయాడు. అదే ఏడాది దూరాన అహ్మదాబాద్‌లోని ఛారానగర్ యువకులు ఆ కథను నాటకంగా వేశారు. పుట్టుకతోనే దొంగలని ముద్ర పడిన ఛారాలు వాళ్లు. బుధన్ దెబ్బలు వాళ్లకు పరాయివి కావు. ఆ బృందమే బుధన్ థియేటర్ అయింది. చెప్పుకోవడానికి కష్టమైన నిజాన్ని వేషం ద్వారా చెప్పవచ్చని వాళ్లు చూపించారు.

ఆ పెద్దమనిషికి ఇప్పుడైతే మేము ఇలా చెబుతాం. పిల్లలకు వేషం తెలిస్తేనే ఎదుటివాడి వేషం కూడా కనిపెడతారు. కాగితం పట్టుకుని తియ్యగా మాట్లాడేవాడి గొంతు ఎక్కడ మారిందో నాటకం నేర్చిన పిల్ల పసిగడుతుంది. ఆ పని కోసమైనా మనకు ఈ విద్య కావాలి.

టీచర్లకు మా మనవి ఒక్కటే. ఏ వేషమైనా ఇచ్చే ముందు పిల్లవాణ్ణి అడగండి, "ఇది నువ్వు కట్టొచ్చా?" అని. కట్టను అంటే భయమని అప్పుడే అనుకోకండి. ఇంటికి వెళ్లి వాళ్ల తాతను అడగండి. యువతకు చెప్పేది కూడా అంతే. వద్దు అనడం తెలిసినవాడే వేషం కట్టాలి. ఆ ఎండాకాలం మేము చేయని పని అదే. మీరు చేయండి.