కనబడని వాక్యం

పెళ్లిచూపుల నుంచి తిరిగొచ్చిన వాళ్లని మంచం పట్టిన మామ్మగారు అడుగుతుంది, "పిల్ల ఎలా ఉందే?" అని. "బావుంది" అని ఊరుకుంటే ఆవిడకేం తెలుస్తుంది? చామనచాయ, పెద్ద కళ్లు, నవ్వితే బుగ్గన సొట్ట అని చెప్పామనుకోండి, పిల్ల వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుంటుంది.

ఈ మర్యాదకే కంప్యూటరు వాళ్లు ఆల్ట్ టెక్స్ట్ అని పేరు పెట్టుకున్నారు. ఇంటర్నెట్‌లో బొమ్మ వెనకాల ఉంచే వాక్యం అది. మనకి కనబడదు. చూపు లేనివాళ్లకి ఫోను చదివి వినిపిస్తుంది. 1999లో వెబ్ అందరికీ అందాలని నియమాలు రాసినప్పుడు మొట్టమొదట చెప్పింది దీని గురించే. మన సుప్రీంకోర్టు కూడా 2025 ఏప్రిల్‌లో, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనంది.

అయితే ఆ వాక్యాన్ని గూగులూ చదువుతుంది. చిక్కంతా అక్కడే! ఉప్పాడ జాందానీ చీర అమ్మేవాడు "ఉప్పాడ చీర, పెళ్లి చీర, పట్టు చీర, చవక చీర" అని దండకం చదివాడనుకోండి. చూపు లేని ఇల్లాలికి చెవి నొప్పి తప్ప చీర దక్కదు. "చిలకాకుపచ్చ ఒళ్లు, మెరూన్ అంచు, జరీ మామిడి పిందెలు" అంటే చాలు, కొనాలో వద్దో ఆవిడే తేల్చుకుంటుంది.

చలివేంద్రం పెట్టి కుండకన్నా పెద్ద బోర్డు కట్టేవాళ్లున్నారు. పోనీలెండి, దప్పిక తీరుతోందిగా! ఇక్కడలా కాదు, బోర్డునే కుండలో కుక్కేస్తున్నారు. నీళ్లకి చోటేదీ?

ఇలా మాటలు కుక్కవద్దని గూగులే చెబుతోంది. అంటే నిజాయితీగా రాస్తే పుణ్యమూ పురుషార్థమూ రెండూ దక్కుతాయన్నమాట. సంతోషమే. కాని లాభం కోసం చేసిన మంచి, లాభం ఉన్నంతవరకే నడుస్తుంది. రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూసిన చిత్రకారుడాయన. ఆయన బొమ్మ ఒకటి ఇంటర్నెట్‌లో పెట్టామనుకోండి. అమ్మేదేమీ లేదు. అయినా ఎవరెక్కడ కూర్చున్నారో, ఎవరి చూపు ఎవరిమీద ఉందో, ఏ రంగు పక్కన ఏ రంగు ఒదిగిందో ఓపిగ్గా రాస్తామా? మన మనసుకి పరీక్ష అదీ.

రాసేటప్పుడు "అద్భుతం" అనడం మన పని కాదు. ఉన్నదున్నట్టు చెబితే అద్భుతమో కాదో వినేవాళ్లే అనుకుంటారు. సంజయుడు గుడ్డిరాజుకి చేదు వార్తలు కూడా దాచకుండానే చెప్పాడు. ఇక అంచున వేసే లతలూ పువ్వులూ ఉంటాయి చూడండి, వాటికి ఏమీ రాయకుండా ఖాళీగా వదలమంటారు తెలిసినవాళ్లు. అక్కర్లేని చోట మాట్లాడకపోవడమూ దయే.

చాటున ఉండే వాక్యమేగా, ఎవరు చూడొచ్చారు అంటారా? చూడలేనివాళ్లే వింటున్నారు మరి!