‘హైదరాబాద్’లో ఎన్ని అక్షరాలు?

ఆదివారం పొద్దున మా మేనల్లుడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. పార్సిళ్ల మీద అంటించే చీటీలను అచ్చువేసే ప్రోగ్రాము రాస్తున్నాడు. పేరుకు 20 బైట్ల చోటిచ్చాడు. ఇంగ్లీషు పేర్లన్నీ చక్కగా పడ్డాయి. వెంకటేశ్వర్లు గారి పేరు మాత్రం ‘వెంకటే’ దగ్గర తెగి, పక్కన నల్ల డైమండులో ఒక ప్రశ్నార్థకం మొలిచింది.

“ఫాంటు బాగాలేదు మామయ్యా” అన్నాడు.

“ఫాంటు తప్పేం లేదు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు. ఆరు గుర్తులకు 18 అయిపోయాయి. మిగిలిన రెండు బైట్లలో ‘శ’ మూడింట రెండు వంతులే పట్టింది. అలాంటి అక్షరం లోకంలో లేదు. లేనిదాన్ని ఏ ఫాంటు చూపిస్తుంది?”

“అయితే తేలికే. బైట్లు మానేసి అక్షరాల లెక్కన కోస్తాను.”

“కోద్దువుగాని. ముందు ఇది చెప్పు. ‘హైదరాబాద్’లో ఎన్ని అక్షరాలు?”

వేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. “హై, ద, రా, బా, ద్. అయిదు.”

“పైథాన్‌ని అడుగు.”

“తొమ్మిదంటోంది.”

“గో భాషని?”

“27. అది బైట్లు చెబుతోంది.” స్విఫ్ట్‌లో కూడా చూసి ముఖం వెలిగించుకున్నాడు. “ఇదిగో, ఇది అయిదంది. అయిదే నిజం మామయ్యా. మిగతావి యంత్రం లోపలి సంగతులు.”

నేను ఒప్పుకోలేదు. ఈ విషయంలో నాకు ఎప్పటినుంచో ఒక గట్టి నమ్మకం ఉంది, అది దాచుకోను. స్ట్రింగుకు పొడవు అనే గుణం లేదు. పొడవు ఎవరికోసం అని అడిగాకే అది పుడుతుంది. మా ఊళ్లో ధాన్యాన్ని కళ్లంలో కుంచాలతో కొలిచేవాళ్లు, మిల్లు దగ్గర తూచేవాళ్లు. ఎంత పండింది అంటే, కొలతా తూకమా అని ఎదురడిగేవాడే వ్యవసాయం తెలిసినవాడు. డిస్కుకు 27, పైథాన్‌కు 9, కంటికి 5. మూడూ నిజాలే. ఒకదాని బదులు ఇంకోదాన్ని వాడటమే అబద్ధం.

“పైథాన్ లెక్కతో ‘లక్ష్మి’ని నాలుగు దగ్గర కోసి చూడు” అన్నాను.

కోశాడు. ‘లక్ష’ అని వచ్చింది.

“వెంకటేశ్వర్లు గారికి కనీసం ప్రశ్నార్థకమైనా మిగిలింది. ఇక్కడ ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. ఆవిడ పేరు కాస్తా అంకె అయిపోయింది. చీటీ మీద అచ్చుతప్పు కూడా కనబడదు. కూలిపోయే ప్రోగ్రాముకి నేను భయపడను. ఇలా చప్పుడు కాకుండా తప్పు చేసేదానికే భయపడతాను.”

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత వేసిన ప్రశ్న మాత్రం గట్టిది. దాన్ని తేలిగ్గా తీసేయాలని నాకు లేదు.

“మామయ్యా, ఇంజనీరింగ్ అంటేనే కింద ఏముందో తెలియకపోయినా పైన పని నడవడం. స్విచ్చు వేసేవాడికి జనరేటర్ సంగతి తెలియాలా? కంటికి కనబడే లెక్క స్విఫ్ట్ ఇస్తోంది. దాన్ని తయారుచేసినవాళ్లు నాకన్నా తెలిసినవాళ్లు. భారం వాళ్ల మీద వదిలేయడం వినయం కాదా?”

“వినయమే. కానీ నువ్వు స్విచ్చు వేసేవాడివి కావు, వైరింగు చేసేవాడివి. సరే, ఆ తెలిసినవాళ్ల లెక్కే చూద్దాం. ‘స్త్రీ’ ఎన్ని అక్షరాలు?”

“ఒకటి.”

“2023 సెప్టెంబరు దాకా యూనికోడ్ నియమం ప్రకారం మూడు. స్, త్, రీ. యూనికోడ్ 15.1 వచ్చాక, పొల్లుతో అతుక్కున్న హల్లులన్నిటినీ ఒకే ముద్దగా పట్టుకోమని తెలుగుకీ దేవనాగరికీ బెంగాలీకీ మరికొన్ని లిపులకీ కొత్త నియమం పెట్టారు. ఇప్పుడది ఒకటి. నీ కోడ్‌లో ఒక్క లైను మారలేదు, లైబ్రరీ మారిందంతే, జవాబు మారిపోయింది. పేరు నాలుగు అక్షరాలకు మించకూడదని ఫోన్లో ఒక లెక్కతో ఒప్పుకుని, సర్వర్లో పాత లెక్కతో కాదంటే, చీటీ ఎవరు అచ్చేస్తారు?”

“రెండు చోట్లా ఒకే వెర్షన్ పెడితే?”

“పెట్టు, మంచిదే. అయినా డేటాబేసుకి దాని కొలత దానికుంది, ఎస్సెమ్మెస్‌కి దాని కొలత దానికుంది. ఇంగ్లీషు మెసేజీ 160 పడుతుంది, తెలుగు కలిస్తే 70కి దిగిపోతుంది. ఎవరి గదిలో వాళ్లు సరిగ్గానే ఉన్నారు. తప్పంతా గుమ్మాల దగ్గర జరుగుతుంది, ఆ గుమ్మాలు కట్టేది నువ్వు. నేను పనిచేసిన ఒక చోట ఊళ్ల పట్టికలో హైదరాబాద్ రెండుసార్లు వచ్చింది. కళ్లు పొడుచుకున్నా తేడా లేదు. ‘హై’లో ఐత్వం ఒకే గుర్తుగా రావచ్చు, ఎత్వమూ దాని కింద ఐత్వపు గుర్తూ అని రెండుగానూ రావచ్చు. తెరమీద ఒకటే బొమ్మ. పోల్చి చూస్తే సమానం కావు. ఒక దాంట్లో తొమ్మిది, ఇంకో దాంట్లో పది. పేర్లు లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చి ఉంటే సరిపోయేది. అది తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.”

“ఒప్పుకున్నాను మామయ్యా” అన్నాడు. ఇంత త్వరగా ఒప్పుకుంటాడనుకోలేదు. నా దగ్గర ఇంకా చెప్పాల్సింది మిగిలిపోయింది, అందుకే మాట పక్కకు మళ్లింది.

“మీ తాతయ్యైతే ‘హైదరాబాద్’ నాలుగక్షరాలనేవారు.”

“నాలుగెలా?”

“ఛందస్సులో చివరి పొల్లు విడిగా నిలబడదు, ముందు అక్షరంతో కలిసిపోతుంది. హై గురువు, ద లఘువు, రా గురువు, బాద్ గురువు. హైదరా అంటే ర గణం. ఆయన అక్షరాలు వేరుగా లెక్కపెట్టేవారు, మాత్రలు వేరుగా. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదోది యతి. అక్కడ కూడా ఒక అక్షరం బరువు దానిలో లేదు చూశావా? తర్వాత వచ్చేది సంయుక్తాక్షరమైతే ముందున్న లఘువు గురువైపోతుంది. పక్కింట్లో ఎవరు దిగారో చూస్తే గాని మనింటి బరువు తెలియదు. ఫాంటు గీసే ప్రోగ్రాము చేసేదీ ఇదే. ‘త’ తర్వాత ఏముందో చూడకుండా దాన్ని గీయలేదు. ఆ పని మనవాళ్లు తాటాకుల మీద పద్యాలు రాసుకున్న రోజుల్లోనే నోటితో చేశారు.”

తాతయ్య వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుతూ గణాలు కట్టడం అతనికి గుర్తుంది. ఆ కబుర్లలో పావుగంట గడిచింది. కాఫీలు వచ్చాయి.

“2018లో ఐఫోన్లు కూలిపోయిన అక్షరం తెలుగుదే కదా? అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను.”

“ఫిబ్రవరిలో. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక గుర్తు, ఆ తర్వాత దీర్ఘం. ఈ అయిదూ వరసగా ఉన్న మెసేజీ వస్తే చాలు, యాప్ పడిపోయేది. కారణం, అక్షరాన్ని గీసే చోట మెమరీ చెడిపోవడం. 19వ తేదీన 11.2.6 వెర్షన్‌తో ఆపిల్ సరిచేసింది. ‘జ్ఞా’ అన్న అక్షరం, జ్ఞానానికి మొదటి అక్షరం! దాని ముందు అంత పెద్ద యంత్రమూ పడిపోవడం నేను మరిచిపోలేను. రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. ఆ అయిదు గుర్తులూ ఆ వరసలో వస్తాయని ఎవరికీ తట్టలేదు.”

“ఆ కనబడని గుర్తును వచ్చినచోటల్లా తీసేస్తే పీడ వదులుతుంది కదా?”

“తీసేస్తే ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ట కింద వ ఒత్తు పడకుండా ఆపేది అదే. కనబడదు గాని పనిచేస్తుంది. కనబడనిదల్లా చెత్త అనుకుని ఊడ్చే కోడ్ నేను చాలా చూశాను. పైథాన్‌లో మాటలు ఏరడానికి వాడే డబ్ల్యూ గుర్తు కూడా ఇలాంటిదే. ‘తెలుగు’ను దానికిస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేసి గుణింతాలన్నీ పారేస్తుంది.”

“తెలుగులో పేరు రాసేవాళ్లు ఎందరుంటారు మామయ్యా?”

“ఒక్కరున్నా చాలు.”

“ఇన్ని చూస్తే ప్రోగ్రాము నెమ్మదిస్తుంది...”

“చీటీకి అంత తొందరేం లేదు.”

లాప్‌టాప్ ముందుకు జరుపుకున్నాడు. ‘పొడవు’ అని ఒకే పేరుతో ఉన్న ఫంక్షన్‌ను మూడు చేశాడు. ఒకటి బైట్లు, ఒకటి పైథాన్ లెక్కపెట్టే గుర్తులు, అంటే కోడ్ పాయింట్లు, ఒకటి కంటికి కనబడే ముద్దలు. ఏది కావాలో పేరుతో అడిగితే తప్ప జవాబు రాదు. టెస్టుల్లో వెంకటేశ్వర్లు, లక్ష్మి, రెండు రకాల హైదరాబాదులు చేర్చాడు. ‘స్త్రీ’ ఇచ్చి నడిపితే లాప్‌టాప్‌లో 1 వచ్చింది, పాత లైబ్రరీ ఉన్న సర్వర్లో 3 వచ్చింది. నా వైపు చూశాడు.

“ఇప్పుడు చీటీకి ఏ లెక్క పెట్టమంటారు?”

“చీటీ ఒకటి ఇలా ఇవ్వు.”

సంచిలోంచి తీసిచ్చాడు. మా అమ్మాయి జామెట్రీ పెట్టెలోంచి స్కేలు తెచ్చి పేరు గడి మీద పెట్టాను. అడ్డంగా 60 మిల్లీమీటర్లు, నిలువు 6. అతను వంగి చూస్తూ, “అడ్డం సరిపోతుంది మామయ్యా” అన్నాడు. “స్త్రీకి కిందా మీదా చోటు చాలదు.”