ఎరుగని వాని వ్యాజ్యెము

వాక్యభాగము: యోబు 29:11–17



యోబు తన పూర్వ దినములను తలంచుకొనునప్పుడు, ఈ భాగములో తన ఒంటెలను లెక్కపెట్టలేదు. పట్టణపు గుమ్మమునొద్ద కూర్చుండి దిక్కులేనివారి పక్షమున నిలిచితిననియు, ముఖపరిచయము లేని వాని వ్యాజ్యెమును సహా విచారించితిననియు చెప్పుకొనెను. ఆ కాలమున గుమ్మమే న్యాయస్థలము. గనుక యోబు చేసినది ప్లీడరు పని. వేదాంత పాఠశాలలో మేము ఈ గ్రంథమును శ్రమను గూర్చియే చదివితిమి. ఈ సంగతి నా కంటబడలేదు.

ఇది చదివినప్పుడెల్ల నాకు బొజ్జా తారకంగారు జ్ఞాపకము వచ్చుదురు. 1939లో కోనసీమలోని కందికుప్పలో పుట్టి, 2016 సెప్టెంబరులో కన్నుమూసిరి. ఆయన అంబేడ్కరుగారి మార్గమున నడచినవారు. మనవాడని చెప్పుకొని మనము కీర్తి పొందరాదు. నిజామాబాదులో వకీలుగా పేదల కేసులు చూచుచుండిరి. ఎమర్జెన్సీలో చెరసాలయు చూచిరి. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అను పుస్తకము వ్రాసిరి. పట్టుకొనిపోయిన మనుష్యుని 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలువబెట్టవలెనని మన రాజ్యాంగమే చెప్పుచున్నది గాని, ఆ మాట మన పేటలలో ఎందరికి తెలియును?

1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లెపై దాడి జరిగి ఆరుగురు చంపబడిరి. మిగిలినవారు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకొనిరి. తారకంగారు అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. ఆ పదవికి రాజీనామా ఇచ్చి బాధితుల పక్షమునకు వచ్చి, దళిత మహాసభకు అధ్యక్షులైరి. ఆ కేసు సుప్రీంకోర్టులో ముగియుటకు 2008 వరకు, అనగా 23 సంవత్సరములు పట్టెను. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపిరి. ఆ ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానము పెట్టించుటకు పోరాడినవారిలో ఆయన ఒకరు. 2007లో అక్కడ 21 మందికి యావజ్జీవ శిక్ష పడెను; 2014లో హైకోర్టు దానిని కొట్టివేసెను.

లూకా 18వ అధ్యాయములోని విధవరాలు తుదకు న్యాయము పొందెను. చుండూరు విధవరాండ్రకు నేనేమి ప్రసంగింతును? ఆ ఉపమానమును నేను ఎల్లప్పుడు ప్రార్థనకు మాత్రమే వాడితిని. ఆమె కోర్టుకు నడచి వెళ్లినదని, మరల మరల వెళ్లినదని ఒక్కసారియైనను చెప్పలేదు.

ఇక నా సంగతి. మన దుర్గి సంఘములోని ఒక సహోదరి సెలవిచ్చినందున వ్రాయుచున్నాను. గత మిరపకోతల కాలమున ఆమె ఒక కాగితము తెచ్చి, “అయ్యగారూ, ఇదేమిటో చూడండి” అనెను. ఆమెకు చదువు రాదు. ఇంటి స్థలపు తగాదా అని విని, నేను కాగితముపై చేయి ఉంచి ప్రార్థించి, “దేవుడు చూచుకొనునమ్మా” అని పంపివేసితిని. చదువనైనను చదువలేదు. అది కోర్టు సమను; అందులో వాయిదా తేదీ ఉండెను. ఆ దినమున ఆమె కూలికి పోయినది. ఆమె లేకుండనే తీర్పు అయిపోయెను.

ఆమె నన్ను నిందింపలేదు. మరుసటి ఆదివారము ఎప్పటివలెనే ముందు చాపపై కూర్చుండెను. ఆ దినమున నాకు ప్రసంగము సరిగా సాగలేదు.

ఆ తీర్పును రద్దు చేయుడని ఒక ప్లీడరుగారిచేత అర్జీ వేయించితిమి. వచ్చు నెలలో వాయిదా. ఉదయపు మొదటి బస్సులో నేనును ఆమెతో వెళ్లుచున్నాను. ఈసారి కాగితములన్నియు చదివితిని.