నియమభంగము – మితాహారము

దేహమును దేవాలయముగా భావింపుమని బసవేశ్వరుడు బోధించి ఎనిమిది శతాబ్దములు దాటినది. ఇష్టలింగమును దేహముపై ధరించి తిరుగు వీరశైవునకు ఆ దేహపోషణము కేవలము లౌకికవిషయము కానేరదు. దేహమును కృశింపజేయుట ధర్మము కాదు. దానిని కాయకమునకు పనికిరానంతగా పెంచుటయు ధర్మము కాదు. ఇంతవరకు అందరును అంగీకరించునదే. చిక్కు అటుపిమ్మట వచ్చుచున్నది. బరువు తగ్గవలెనని నియమము పట్టి, దానిని ఒకమారు గాక పలుమార్లు తప్పినవాడు ఏమి చేయవలెను? మరల నియమము పట్టుటకు అతనికి అర్హత కలదా? మాటిమాటికి తప్పెడి నియమముకంటె అసలు నియమమే లేకుండుట మేలా? ఈ ప్రశ్న వైద్యునికి చెందినదివలె కన్పట్టును గాని, నిజమునకు నీతికి సంబంధించినది.

ఒక గృహస్థును ఊహించుకొనవచ్చును. వయస్సు ఏబది యేండ్లు. బట్టల దుకాణము. ఉదయము మొదలు రాత్రి వరకు గద్దెపై కూర్చుండుటయే పని. బరువు 85 కిలోలు. రక్తపోటు హెచ్చినదనియు, చక్కెరవ్యాధి గుమ్మములోనికి వచ్చినదనియు వైద్యుడు హెచ్చరించెను. శ్రావణమాసము రాగానే అతడు ఏకభుక్తము పట్టెను. అన్నము మానెను, జొన్నరొట్టె మానెను. పాలతో పండ్లతో నెలదినములు గడపి ఆరు కిలోలు తగ్గెను. ఇరుగుపొరుగువారు మెచ్చుకొనిరి. పిమ్మట దసరా వచ్చెను, దీపావళి వచ్చెను, కార్తికములో బంధువుల ఇంట పెండ్లి వచ్చెను. ఒకనాడు రెండు బక్ష్యాలు తినెను. నియమము ఎట్లును తప్పినది గదా యని మూడవదియు నాల్గవదియు తినెను. మాఘమాసమునాటికి పోయిన ఆరు కిలోలతోపాటు మరి రెండు కిలోలు చేరెను. శివరాత్రికి మరల పట్టెను, ఉగాదికి మరల విడిచెను. మూడవమారును అంతే. నాల్గవమారు భార్య అడుగగా, "నా ఒళ్లే ఇంత. నోరు కట్టుకొనుట నా వల్ల కాదు. ఇక ఆ మాట ఎత్తవద్దు" అనెను.

ఇట్టి గృహస్థులును గృహిణులును ప్రతి యూరిలోను కలరు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల స్త్రీలలో 24 శాతము, పురుషులలో సుమారు 23 శాతము మంది ఉండదగిన దానికంటె అధికభారము కలవారు. వీరిలో ఎందరో ఎన్నోమార్లు నియమము పట్టి విడిచినవారే యైయుందురు. లోకము వీరికి ఒకే తీర్పు చెప్పును: "మనోబలము లేదు." ఆ తీర్పు న్యాయమైనదేనా యని ముందుగా విచారింపవలెను.

1944లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులపై ఒక పరిశోధన ఆరంభించెను. వారు మనస్సాక్షిని అనుసరించి యుద్ధములో పాల్గొననొల్లక, దానికి బదులుగా ఈ కష్టమును స్వయముగా కోరుకొన్నవారు. నమ్మిన ధర్మమునకై లోకనిందను సహించిన వారికి మనోబలము లేదనుట తగదు. ఆరుమాసములపాటు వారికి సుమారు సగము ఆహారము మాత్రమే ఇచ్చిరి. వారి భారములో దాదాపు నాల్గవవంతు తగ్గెను. కాని వారి తలపులన్నియు తిండిచుట్టునే తిరిగెను. కొందరు వంటపుస్తకములు చదువుచు కాలము గడపిరి. నిర్బంధము తొలగిన పిమ్మట పలువురు ఎంత తినినను తృప్తి చెందజాలకపోయిరి. 2016లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన, పోటీపడి అతివేగముగా బరువు తగ్గిన 14 మందిని ఆరేండ్ల పిమ్మట పరీక్షించెను. వారిలో పెక్కుమంది మరల బరువెక్కియుండిరి. అంతేగాక, విశ్రాంతిగా నున్నప్పుడు వారి దేహము ఖర్చుచేయు శక్తి, ఉండవలసినదానికంటె దినమునకు సుమారు 500 కెలోరీలు తక్కువగా నుండెను.

దీని అర్థమేమి? దేహము తన్ను తాను కాపాడుకొనును. ఆహారము హఠాత్తుగా తగ్గినచో కరవు వచ్చినదని తలచి ఆకలిని పెంచును, ఖర్చును తగ్గించును. కావున పై గృహస్థు ఓడినది కేవలము నాలుకచేతిలో కాదు. ప్రాణరక్షణకై ఏర్పడిన దేహస్వభావము చేతిలో. అతడు పాపి కాడు. అట్లని అతనిలో దోషమే లేదని చెప్పుటకును వీలు లేదు. ఆ దోషము నియమము తప్పుటలోకంటె నియమము పట్టిన తీరులో ఎక్కువగా కలదు.

లెక్క చూచిన ఇది తేటపడును. దేహములోని ఒక కిలో కొవ్వు సుమారు 7,700 కెలోరీల శక్తికి సమానము. నెలలో ఆరు కిలోల కొవ్వు తగ్గవలెనన్నచో దినమునకు 1,500 కెలోరీలకు పైగా కోత పెట్టవలెను. గద్దెపై కూర్చుండు గృహస్థునకు దినమంతటికి కావలసినది రెండువేలకు కొంచెము పైమాట. మూడువంతులలో రెండువంతుల కోతను ఏ గృహస్థు ఎన్నాళ్లు భరింపగలడు? పైగా మొదటి వారములలో తగ్గిన భారములో కొంత నీరే గాని కొవ్వు కాదు. అతడు గర్వించిన ఆరు కిలోలును పూర్తిగా నిజము కావు. సిగ్గుపడిన ఓటమియు పూర్తిగా అతనిది కాదు.

ఈ సందర్భమున శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్ర స్మరింపదగియున్నది. మారయ్య కల్యాణములో నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుటయే కాయకముగా గలవాడు. ఆ బియ్యముతోనే దంపతులు జంగమదాసోహము సలుపుచుండిరి. ఒకనాడతడు అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఆశయే యని భర్తను హెచ్చరించి, అధికమును తెచ్చినచోటనే విడిచిరమ్మని పంపెను. బియ్యము దొంగసొత్తు కాదు, దాసోహమునకు పనికివచ్చునదే. అయినను ఆమె దానిని ఇంట ఉండనీయలేదు.

ఈ కథను ధనాశకును భోజనాశకును అన్వయించి చెప్పుట వాడుకలో ఉన్నది. నియమమునకు కూడ దానిని అన్వయింపవలెను. ఒక్క నెలలో ఆరు కిలోలు తగ్గెదననుట ఏమి? అదియు అవసరమునకు మించి మూటగట్టుకొనుటయే. ఎక్కువ తినవలెనను ఆశ యెట్టిదో, ఎక్కువ మానవలెనను ఆశయు అట్టిదే. రెండింటియందును మితము లేదు. మొదటిది నాలుకకు రుచి. రెండవది అహంకారమునకు రుచి. లక్కమ్మ ఆ గృహస్థుని ఇంట నుండినచో, విస్తరిలోని నాల్గవ బక్ష్యముతోపాటు, శ్రావణములో పట్టిన ఆ మహానియమమును కూడ తిరిగి ఇచ్చివేసి, ఈ దినమునకు సరిపడినది మాత్రమే తెమ్మని చెప్పియుండెడిది.

ఇక రెండవ దోషము. "ఎట్లును తప్పినది గదా" యనుట. 1975లో హెర్మన్, మాక్ అను ఇద్దరు పరిశోధకులు ఒక విచిత్రమును ప్రకటించిరి. ఆహారనియమము పాటించువారికి ముందుగా చిక్కని తీపిపాల పానీయము త్రాగించి, ఆపై ఐస్‌క్రీము రుచి చూడుమనిరి. కడుపు నిండినవారు తక్కువ తినవలెను. వీరు, పానీయము త్రాగని నియమపరులకంటె ఎక్కువ తినిరి. నియమము ఒకచో పగిలినదని తెలియగానే మిగిలినదానిని గూడ విడిచిపెట్టిరి. ఒక కుండ పగిలినదని ఇంటిలోని కుండలన్నియు పగులగొట్టుకొనువాడు ఎవడైన కలడా? నియమవిషయములో మాత్రము మనుష్యుడు అట్లే చేయుచున్నాడు. రెండు బక్ష్యాలు అతని నెలదినముల శ్రమను చెరపలేదు. చెరపినది, ఆ రెంటి పిమ్మట అతడు తనకు తాను చెప్పుకొన్న మాట.

ఇష్టలింగపూజ ఈ విషయములో గొప్ప పాఠము నేర్పుచున్నది. నిన్న చేసిన పూజ నేటికి సరిపోదు. నేటి పూజ నేడే చేయవలెను. దీనికి మరియొక ప్రక్క కూడ కలదు. నిన్న చిత్తము చెదరినదని నేటి పూజకు తలుపు మూయబడదు. అరచేతిలోని లింగము ప్రతి ఉదయమును భక్తుని క్రొత్తగా పిలుచుచునే యుండును. ఆహారనియమమును గూడ ఇట్టి నిత్యవిధిగా పట్టవలెను గాని, ఒక్కమారు గెలిచి తీరవలసిన యుద్ధముగా పట్టరాదు. తప్పిన పిమ్మట పునరారంభము వచ్చే శ్రావణమున కాదు, వచ్చే సోమవారమున కాదు, వచ్చే పూటభోజనమున.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాదగును. వీరశైవము నిష్ఠకు పేరుపొందినది. పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివిన తెలుగువారికి ఆ వీరభక్తుల పట్టుదల సుపరిచితము. అట్టివారి సంతతికి "చిన్న నియమము పట్టుము, తప్పినచో మరల పట్టుము" అని చెప్పుట నిష్ఠను నీరుగార్చుట కాదా? ఈ ఆక్షేపణ త్రోసిపుచ్చదగినది కాదు. కొంచెపు నియమము సోమరితనమునకు సాకు కావచ్చును. తప్పినను పరవాలేదను మాట తప్పుటకే అనుమతి కావచ్చును. కాని ఆ భక్తుల నిష్ఠ శివునియందు నిలిచినది, కిలోల సంఖ్యయందు కాదు. షట్‌స్థలములలో మహేశస్థలము నిష్ఠకు స్థానము. దానికి ముందు భక్తస్థలము కలదు, దాని పిమ్మట ప్రసాదిస్థలము కలదు. ఒక మెట్టు ఎక్కి మరియొక మెట్టు ఎక్కుటయే మార్గము. పట్టుదల ఉండవలసినది నియమము యొక్క పెద్దరికమునందు కాదు, దానిని విడువకుండుటయందు. ఆరు కిలోల నియమమును నాలుగుమార్లు విడిచినవానికంటె, చారెడు బియ్యము తగ్గించి ఏడాదిపాటు నిలుపుకొన్నవాడే నిష్ఠాపరుడు.

ఆ చిన్న నియమము ఎట్టిదో చెప్పకున్నచో విచారము అసంపూర్ణమగును. దినమునకు మూడు కప్పుల తేనీటిలో రెండేసి చెంచాల చక్కెర వేసికొనువాడు దానిని మానినచో సుమారు 30 గ్రాములు, అనగా 120 కెలోరీలు తగ్గును. కూరలలో మనిషికి 10 గ్రాముల నూనె తగ్గించినచో 90. రెండు పూటలకు కలిపి 30 గ్రాముల బియ్యము తగ్గించినచో సుమారు 105. వెరసి 300 కెలోరీలకు పైమాట. దీనివలన మొదటి మాసములలో నెలకు సుమారు ఒక కిలో తగ్గవచ్చును. పోను పోను ఆ వేగము మందగించును, అది సహజము. తగ్గిన బియ్యమునకు బదులు ఆకుకూరలు, పప్పు హెచ్చించినచో ఆకలి బాధింపదు. దీనికి వారములో అయిదు దినములు అరగంట నడక చేర్చవలెను. చక్కెరవ్యాధికి మందులు వాడువారు మాత్రము ఉపవాసములకుగాని ఆహారము తగ్గించుటకుగాని ముందు వైద్యుని అడిగి తీరవలెను.

ఇంత కొంచెముతో ఏమి ఫలమని శంకింపనక్కరలేదు. అమెరికాలో జరిగి 2002లో ప్రకటింపబడిన పరిశోధనలో, చక్కెరవ్యాధి అంచున నున్నవారికి నిర్ణయించిన లక్ష్యము దేహభారములో 7 శాతము తగ్గుట, వారమునకు 150 నిమిషముల నడక. వారిలో వ్యాధి సోకుట 58 శాతము తగ్గెను. 85 కిలోలవానికి 7 శాతమనగా ఆరు కిలోలే. ఆ గృహస్థు ఒక నెలలో కోరిన దానినే ఆరేడు మాసములలో కోరుట. 2006లో ప్రకటింపబడిన భారతీయ పరిశోధన ఇంకను ఆలోచింపదగినది. అందు ఆహారవ్యాయామములు సవరించుకొన్నవారి బరువు చెప్పదగినంత తగ్గలేదు. అయినను వ్యాధి సోకుట 28 శాతమునకు పైగా తగ్గెను. కావున తూకపుముల్లు కదలలేదని నియమమును విడుచుట తెలివి కాదు. కాయకమును ఫలాపేక్షతో కాక కాయకముగానే చేయుమను శరణుల బోధ ఇచ్చట అక్షరాల నిజమైనది.

కడపటి మాట ఆ గృహస్థుని గూర్చినది కాదు, అతనికి వడ్డించువారిని గూర్చినది. ప్రసాదమును విడువరాదు, పారవేయరాదు. ఇది వీరశైవుల ఆచారము. ఆ ఆచారమునే చూపి, వద్దన్నవాని విస్తరిలో "ప్రసాదము కాదనరాదు" అని మరల వడ్డించుట పెండ్లిండ్లలోను, మఠముల పంక్తులలోను కలదు. వడ్డించువారిది ప్రేమయే. కాని విడువరాదను నియమము తినువానిని ఎంత బంధించునో, వడ్డించువానిని గూడ అంతే బంధించును. మిగుల్చుట దోషమైనచో, మిగులునట్లు వడ్డించుటయు దోషమే. ముందుగా అడిగి, చాలునన్నచోట చేయి నిలుపుట ప్రసాదమునకు గౌరవము. వేలాది విద్యార్థులకు నిత్యము అన్నదాసోహము నడపిన సిద్ధగంగా మఠాధిపతులు శివకుమార స్వాములవారు (1907–2019) స్వయముగా మితాహారులు, నూటపదకొండేండ్లు జీవించిరి. దాసోహమునకును మితమునకును విరోధము లేదనుటకు అంతకంటె నిదర్శనమేల?

నియమము తప్పినవానిని చూచి నవ్వుట సులభము. విసిగి విడిచిపెట్టుటయు సులభము. అతని ప్రక్కన కూర్చుండి, తేనీటిలో తానును చక్కెర తగ్గించుకొని, సాయంకాలము అతనితో కలసి నాలుగడుగులు నడచువారే నిజమైన బంధువులు. తప్పినవాడు మరల ఆరంభించుటకు అర్హుడా యను ప్రశ్నకు సమాధానము ఇదియే: తప్పినవాడే మరల ఆరంభించుటకు అర్హుడు, ఆరంభము మాత్రము తన శక్తికి సరిపడునంత కొంచెముగా, ఆ దినమునకు చాలునంతగా ఉండవలెను.