ఆతతాయి, బందీ

ఉగ్రవాదం నెగ్గిందా లేదా అన్నది మృతుల లెక్కతో తేలే విషయం కాదు. కొందరిని చంపి అందరినీ భయపెట్టడం దాని పద్ధతి అయితే, ఆ భయంలో సమాజం తన కట్టుబాట్లను తానే తెంచుకోవడం దానికి దక్కే అసలు ఫలం; కనుక దాని గెలుపోటములను దాడి జరిగిన చోట కాక, ఆ తర్వాత పౌరహక్కులకు, అనగా రాజ్యం ఎంతటి ఆగ్రహంలోనైనా దాటరాని హద్దులకు, ఏ గతి పట్టిందో చూసి నిర్ణయించవలసి ఉంటుంది.

2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి వేళ, నాటి నల్లగొండ జిల్లా సూర్యాపేట హైటెక్ బస్టాండులో బస్సు సోదా చేస్తున్న పోలీసులపై ఇద్దరు కాల్పులు జరపగా ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు మరణించారు. 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్న, నిషేధిత సంస్థ సిమి సభ్యులుగా పోలీసులు గుర్తించిన ఆ ఇద్దరూ ఏప్రిల్ 4న మోత్కూరు మండలం జానకీపురం వద్ద ఎదురుకాల్పుల్లో హతులయ్యారు. అక్కడ మరొక కానిస్టేబులు ప్రాణం కోల్పోగా, గాయపడిన ఎస్సై ఏప్రిల్ 7న కన్నుమూశారు. నిజానికి బస్టాండులో జరిగినది పథకం ప్రకారం ప్రజలపై చేసిన దాడి కాదు, పట్టుబడబోయినవారి తెగింపు.

కథ అంతటితో ముగిసి ఉంటే ఉగ్రవాదం సాధించినది శూన్యమని చెప్పవచ్చు. కాని అదే ఏప్రిల్ 7న, వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకువెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు, అంటే ఆరోపణలు ఉండి తీర్పు ఇంకా రానివారు, ఆలేరు సమీపాన పోలీసు వ్యానులోనే కాల్పుల్లో మరణించారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పగా, బేడీలతోనే సీట్లలో ఒరిగి ఉన్న మృతదేహాల ఫొటోలు ఆ మాటపై సందేహాలు లేపాయి. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించింది. సూర్యాపేటలో తుపాకులు పేలిన రాత్రి ఆ ఐదుగురూ జైలులోనే ఉన్నారు.

ఆయుధమెత్తి మీదికి వచ్చేవాడిని ధర్మశాస్త్రం ఆతతాయి అంటుంది. వాడిని ఎదిరించి చంపడం దోషం కాదంటుంది. జానకీపురం ఆ కోవలోకి వస్తుంది. ఆలేరుకు పోలిక వెదికితే తెలుగువారికి స్ఫురించేది పోతన భాగవతంలోని అశ్వత్థామ. నిద్రిస్తున్న ఉపపాండవులను చంపిన అతని నేరానికి విచారణ కూడా అక్కరలేదు. అయినా అర్జునుడు కట్టి తెచ్చినప్పుడు, చంపవలసిందేనని భీముడు పట్టుబట్టినా, బిడ్డలను పోగొట్టుకున్న ద్రౌపది తన శోకం అతని తల్లికి కలగరాదని వారించింది. శిరోజాలు కోసి, మణి లాగుకొని, శిబిరం నుంచి వెళ్లగొట్టారు. శిక్ష తప్పలేదు, కాని బందీ అయ్యాక అతని ప్రాణం మాత్రం తీయలేదు. పేదకూ అనాథకూ పెట్టినట్లే బందీకీ అన్నం పెట్టేవారిని ఖురాన్ కొనియాడుతుంది. మతం పేరిట తుపాకి పట్టినవారు దీనిని మరిచారన్నది వేరే సంగతి; రాజ్యం మరవడానికి అది సాకు కాజాలదు.

హక్కులు శాంతికాలపు విలాసమనీ, ప్రాణమే పోయాక స్వేచ్ఛ ఎందుకనీ అనేవారి వాదంలో కొంత బలం లేకపోలేదు, అర్ధరాత్రి బస్సులు సోదా చేసిన ఆ హోంగార్డు కాపాడినది కూడా పౌరుల హక్కునే. అయితే జాగ్రత్త వేరు, పగ వేరు. ఛార్జిషీటు లేకుండా 180 రోజుల దాకా నిర్బంధించడానికి వీలిచ్చి, బెయిలును దుర్లభం చేసిన చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టపు (ఉపా) 2008 సవరణ ఈ రెండింటి నడుమ ఎక్కడుందో చెప్పడం సులువు కాదు. కోర్టు తలుపు పూర్తిగా మూయలేదు గనుక అది జాగ్రత్త వైపే మొగ్గిందని అనుకున్నా, ఏళ్ల తరబడి తీర్పు రాని ఖైదీకి ఆ తేడా కనిపించదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు పల్లెలకు ఈ చర్చ కొత్తదేమీ కాదు: అవి రజాకార్ల దాడులనూ చూశాయి, 1948 తర్వాత కమ్యూనిస్టులను పట్టుకోవడానికి ఊళ్లలో వెలసిన పోలీసు క్యాంపులనూ చూశాయి.

2007 నాటి హైదరాబాదు మక్కా మసీదు పేలుడు దరిమిలా పట్టుకున్న యువకులు పలువురు తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. ఆలేరు ఐదుగురు దోషులో కాదో చెప్పగలిగినది కూడా కోర్టే. ఆ ఉదయం వారితో బయలుదేరిన వ్యాను వెళ్తున్నది అక్కడికే.