లకోటాలో లేని లెక్క

సర్కారు కొనే తువ్వాలకూ మనం బజార్లో కొనే తువ్వాలకూ తేడా ఏమిటని మా పేటలో ఎవరినడిగినా తడుముకోకుండా చెబుతారు. సర్కారు తువ్వాల మీద ముద్ర ఉంటుంది, దాని డబ్బు ఆలస్యంగా వస్తుంది. నవ్వులాటకు అనే మాటే గానీ, ఏళ్ల తరబడి నన్ను వదలని సందేహం ఒకటి దాని వెనకే ఉంది. అందరి డబ్బుతో అందరి కోసం కొనేవాడు ఏ ధరకు కొనడం న్యాయం? దొరికినంత చౌకగానా, నేసినవాడి కడుపు నిండే ధరకా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురు కాలేదు. సాఖర్ పేఠలో పన్నెండు మరమగ్గాల చిన్న సంఘానికి కొన్నేళ్లు నేను కార్యదర్శిగా ఉన్నాను. 1990ల చివర ఒక ఆస్పత్రివారు తెల్ల తువ్వాళ్లకు టెండరు పిలిచారు. ఏ ఆస్పత్రి అన్నది ఇక్కడ అవసరం లేదు. పొడవు, వెడల్పు, తూకం, అంగుళానికి ఎన్ని పోగులు, ఉతికితే ఎంతవరకు ముడుచుకుపోవచ్చు, అన్నీ కాగితం మీద రాసి ఉన్నాయి. అనామత్ సొమ్ము కట్టాలి, నమూనా ఇవ్వాలి, ధర మాత్రం సీలు వేసిన లకోటాలో పెట్టాలి.

లకోటా మూసే ముందు రాత్రి మేం ముగ్గురం కన్నా చౌక్ దగ్గర చాయ్ హోటల్లో కూర్చుని లెక్క వేశాం. ఇంకో నలభై పైసలు తగ్గితే గానీ ఆర్డరు మాకు రాదని తెలుస్తూనే ఉంది. నూలు వ్యాపారి తగ్గడు. సైజింగువాడు తగ్గడు. కరెంటు బిల్లు సంగతి సరేసరి. తూకం తగ్గిద్దామంటే ఆస్పత్రిలో కాంటా ఉంది. ఇక మిగిలిందేమిటో చేనేత ఇంట్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. మజూరీ అని రాసిన చోట పెన్సిల్‌తో కొట్టివేసి తిరగ రాసింది నేనే.

టెండరు మాకే వచ్చింది. అందులో మోసమేమీ లేదు. లకోటాలు అందరి ముందే విప్పారు, ధరలు పైకి చదివారు, అందరిలోకీ తక్కువ మాది. ఆ అధికారి మా దగ్గర ఒక్క కప్పు చాయ్ కూడా తాగలేదు. అంత నిక్కచ్చి మనిషి.

పగారు రోజున, సంఘంలో అందరికంటే పెద్దవాడు, నాకు వరుసకు మామ అయ్యే ఆయన డబ్బు లెక్కపెట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"అల్లుడా, వాళ్లు తువ్వాలను కాంటా మీద వెట్టి జోకిన్రు గదా?"

"అవును మామా."

"పోగులు సుత లెక్కవెట్టిన్రు గదా. నేసెటోనికి మజూరీ ఎంతిస్తున్నరని ఎవలన్న అడిగిన్రా?"

"లేదు మామా."

"మరి నువ్వు చెప్పినవా?"

నేను చెప్పలేదు. చెప్పడానికి ఆ కాగితంలో గడి లేదు. అయితే గడి లేదన్నది నా మనసుకు నేను ఇచ్చుకున్న జవాబు. ఆయనకు మాత్రం ఏ జవాబూ ఇవ్వలేదు.

చాలా కాలం నేను ఈ తప్పును సర్కారు నెత్తినే వేశాను. అంగుళానికి పోగులు లెక్కపెట్టగలిగిన సర్కారు, ఆ పోగులు నేసినవాడికి రోజుకు ఎంత ముడుతుందో అడగలేదా అని. కానీ అవతలి పక్షం కూడా గట్టిదే. ఆ ఆస్పత్రిలో పడుకునేదెవరు? మన బీడీలు చుట్టే అక్కాచెల్లెళ్లే. అగ్గిపెట్టె కొన్నా, బస్సెక్కినా పన్ను కడుతున్నదీ వాళ్లే. వెయ్యి తువ్వాళ్ల మీద తలా నలభై పైసలంటే ఎవరికో మందుబిళ్లలు. పైగా అధికారి ఖర్చు పెట్టేది తన సొమ్ము కాదు, పరుల సొమ్ముతో ఉదారంగా ఉండే హక్కు ఎవరికీ లేదు. తక్కువ ధరకే కొనాలనే నియమం పుట్టింది పిసినారితనం వల్ల కాదు. బావమరిదికి ఆర్డరు ఇచ్చుకునే అధికారి మీద అనుమానం వల్ల పుట్టింది. ఆ అనుమానం అబద్ధమని మనలో ఎవరం అనగలం?

నేతగాళ్లకు ప్రత్యేకంగా మేలు చేయబోయిన నియమాలూ ఉన్నాయి. 1984లో కేంద్రం పూనికతో రాష్ట్రాల చేనేత సంస్థలన్నీ కలిసి అకాష్ అనే సంఘంగా ఏర్పడ్డాయి. ప్రభుత్వ శాఖలు పోటీ టెండర్లు లేకుండా దాని ద్వారా చేనేత బట్ట కొనేవి. 1985లో కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ చట్టం వచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ మరమగ్గం మీద దిగిన బట్టకు చేనేత ముద్ర పడ్డ సంగతి మగ్గాల మధ్య బతికేవాళ్లెవరికి తెలియదు? గుంట మగ్గం మీద కూర్చున్నవాడికి చేరవలసిన మేలును దారిలో తీసుకున్నది కలెక్టరు కాదు, మన వాళ్లే. అందుకే, ధర పెంచితే న్యాయం దానంతటదే నేతగాడి ఇంటికి నడిచి వస్తుందని నేను నమ్మను.

ఈ చిక్కు ఇప్పటిది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సూత్రాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. రాజు కోసం వితంతువుల చేత, అంగవైకల్యం ఉన్న స్త్రీల చేత నూలు వడికించడం, నేతగాళ్ల చేత బట్ట నేయించడం అతని పని. కూలీ నూలు సన్నదనాన్ని బట్టి, పనిని బట్టి కట్టాలి. కూలీ ఇవ్వడంలో ఆలస్యం చేస్తే జరిమానా ఉంది. అది చదివినప్పుడు సంతోషించాను. కింద ఇంకో మాట కనబడింది. కూలీ పుచ్చుకుని పని చేయని స్త్రీకి బొటనవేలి శిక్ష. ఆలస్యమైతే అటు డబ్బు పోతుంది, పని ఎగవేస్తే ఇటు వేలు పోతుంది. అయినా ఒక్క విషయంలో ఆయన మన టెండరు కాగితం కంటే మేలు. ఆయన లెక్కలో కూలీకి గడి ఉంది.

నేటి చట్టాల్లోనూ ఆలస్యం మీద కోపం ఉంది. 2006 నాటి చట్టం ప్రకారం చిన్న పరిశ్రమకు 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి, లేకపోతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. కానీ కొనేవాడి మీద కేసు వేసి, మరుసటి ఏడు అతని దగ్గరికే టెండరుతో వెళ్లే ధైర్యం ఎవరికుంది? 2012లో చిన్న పరిశ్రమల నుంచి కొనాలని కేంద్రం మరో విధానం తెచ్చింది. మన ధర అతి తక్కువ ధరకంటే 15 శాతం లోపల ఎక్కువైనా ఆర్డరులో కొంత భాగం మనకు వస్తుంది. అయితే షరతు ఏమిటంటే, మనమూ ఆ అతి తక్కువ ధరకు దిగిరావాలి. అంటే మళ్లీ పెన్సిలు, మళ్లీ మజూరీ గడి.

లెక్కలోంచి జారిపోయేది నేసేవాడొక్కడే కాదు, తొడిగేవాడు కూడా. యూనిఫారాలు కుట్టే ఊరుగా సోలాపూర్‌కు పేరుంది గనుక ఈ ముచ్చట ఇక్కడ అందరికీ తెలుసు. మహారాష్ట్రలో బడిపిల్లల బట్టలను బడి కమిటీలే కొనేవి. 2024-25లో రాష్ట్రమంతటికీ ఒకే బట్ట ఒకేచోట కొని, మహిళా బచత్ గుంపుల చేత కుట్టించాలని నిర్ణయించారు. బడులు తెరిచి నెలలు గడిచినా చాలాచోట్ల పిల్లలకు బట్టలు అందలేదు. ఆ డిసెంబరులోనే ఆ పనిని తిరిగి కమిటీలకు అప్పగించారు.

మన సిరిసిల్ల బంధువుల కథ ఇంకో రకం. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచడం మొదలుపెట్టింది. మొదటి ఏడు కొంత సరుకు సూరత్ నుంచి వచ్చింది, నాసిరకమని కొన్నిచోట్ల ఆడవాళ్లు చీరలు తగలబెట్టారు. ఆ తర్వాత ఆర్డర్లు సిరిసిల్లకే వచ్చాయి. ఏడాదిలో కొన్ని నెలలు సాంచాలకు చేతినిండా పని. 2024లో ఆ పథకం ఆగిపోయింది, సాంచాలూ ఆగాయి. సర్కారు మనల్ని చూసి కొన్నదా, చీరను చూసి కొన్నదా? మనల్ని చూసి కొంటే అది దయ. దయ గద్దెతో పాటు మారుతుంది. నేతగాడికి కావలసింది అది కాదని నాకనిపిస్తుంది, కాని ఆ నెలల్లో పస్తులు తప్పిన ఇంటికి వెళ్లి ఈ మాట అనే నోరు నాకు లేదు.

ఇప్పుడు లకోటాలు లేవు. 2016లో జెమ్ పోర్టల్ వచ్చింది, అంతకుముందు ప్రభుత్వ సరుకులు కొనే పాత కేంద్ర సంస్థ 2017లో మూతపడింది. అందులో ఉల్టా వేలం అని ఒకటుంది. ధర పైకి పోదు, కిందికి దిగుతుంది. మా అన్న కొడుకు ఇప్పుడు సంఘం పని చూస్తున్నాడు. మొన్న వాడి పక్కన కూర్చుని చూశాను. ఎవరో తగ్గిస్తారు, అంకె మారుతుంది, మనం తగ్గించాలి. లకోటా రోజుల్లో మజూరీని ఒక్కసారే కోసేవాళ్లం, ఇప్పుడు నిమిషానికోసారి కోయవచ్చు. వాడు నా వైపు తిరిగి, "ఇంకో రూపాయి తగ్గిద్దామా బాబాయ్?" అన్నాడు.

మజూరీ ముందు రాసి, మిగతావి దాని కింద రాయమన్నాను. రాశాడు. మొత్తం కట్టాడు. అక్కడికంటే కిందికి పోవద్దన్నాను.

ఆర్డరు మాకు రాలేదు. ఆ వారంలో నాలుగు మగ్గాలు రెండు రోజులు ఖాళీగా ఉన్నాయి. వాటి మీద పని చేసేవాళ్లలో ఆ మామ మనవడు కూడా ఒకడు. ఆ రెండు రోజుల పగారు వాడికి ఎవరూ ఇవ్వలేదు, నేను కూడా ఇవ్వలేదు.