ఓడిపోయాక ఎవరి వాటా ఎంత?

ఈ వారం వీడియోలో కర్మ గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఓడిపోయినప్పుడు అందులో మన వాటా ఎంత, విధి వాటా ఎంత? నాకు దీని జవాబు స్క్వాష్ ఆటలో బాగా కనిపిస్తుంది.

టెన్నిస్‌లో ఇద్దరి మధ్య నెట్ ఉంటుంది. స్క్వాష్‌లో అది కూడా లేదు. నాలుగు గోడల మధ్య ఇద్దరూ పక్కపక్కనే తిరుగుతూ, ఒకే గోడకి బంతి కొడుతుంటారు. కాబట్టి సాకులకి కొదవే లేదు. వాడు అడ్డొచ్చాడు అనొచ్చు. రెఫరీ లెట్ ఇవ్వలేదు అనొచ్చు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు రాకెట్‌నీ తిట్టొచ్చు. కానీ ఎదురుగోడ అడుగున ఒక రేకు ఉంటుంది, దాన్ని టిన్ అంటారు. ప్రొఫెషనల్ మ్యాచుల్లో దాని ఎత్తు 17 అంగుళాలు. మన బంతి దానికి తగిలితే టంగుమని మోగుతుంది, పాయింట్ పోతుంది. ఆ చప్పుడుతో ఎవరూ వాదించలేరు.

భగవద్గీత 18వ అధ్యాయంలో కృష్ణుడు, ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు చెప్తాడు: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. వీటిని కోర్టులో పెట్టి చూద్దాం. అధిష్ఠానం అంటే శరీరం: ఐదో గేమ్ దాకా ఊపిరి నిలిచిందా? కర్త అంటే నిర్ణయం తీసుకున్న నేను: ఆ షాట్ అప్పుడు కొట్టాల్సిందేనా? కరణం అంటే ఇంద్రియాలు, సాధనాలు: కన్ను బంతి మీదే ఉందా? చేష్ట అంటే చేసిన ప్రయత్నం: అన్ని నెలల ప్రాక్టీస్ సరిగ్గా సాగిందా? ఇక దైవం. అవతలివాడి బంతి గోడా నేలా కలిసే చోట పడి, పైకి లేవకుండా దొర్లిపోతుంది. దాన్ని ఎవరు మాత్రం ఆపగలరు?

గమనించారా, దైవం ఐదోది. మనమేమో ఓడగానే “నా ఖర్మ” అంటూ నేరుగా అక్కడికే వెళ్లిపోతాం. ముందున్న నాలుగింటినీ చూడనే చూడం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అంతా నేనే చేశాను అనుకునేవాడు ఉన్నది ఉన్నట్టు చూడట్లేదని అదే చోట కృష్ణుడు అంటాడు. ఈ మాట సాధారణంగా గెలిచినవాడి అహంకారానికే చెప్తారు. ఓడినవాడికి కూడా ఇది అంతే అవసరమని నాకనిపిస్తుంది. “అంతా నా వల్లే, నేను దేనికీ పనికిరాను” అనడం వినయంలా కనిపిస్తుంది గానీ, అందులోనూ ఉన్నది “నేను” ఒక్కటే.

2014 ఇంచియాన్ ఆసియా క్రీడలు చూడండి. సింగిల్స్ ఫైనల్లో సౌరవ్ ఘోషాల్ మొదటి రెండు గేములూ గెలిచాడు. తర్వాతి మూడూ పోయాయి, బంగారం కువైట్ ఆటగాడికి వెళ్లింది. కొద్ది రోజులకే టీమ్ ఫైనల్. మలేషియా ఆటగాడితో మళ్లీ ఐదు గేముల దాకా వచ్చింది. ఈసారి ఘోషాల్ గెలిచాడు. ఆసియా క్రీడల స్క్వాష్‌లో భారత్‌కి అదే తొలి బంగారం. ఓటమంతా తలరాతే అనుకుంటే సరిదిద్దుకోవడానికి ఏమీ మిగలదు. అంతా నా తప్పే అనుకుంటే మళ్లీ కోర్టులో అడుగుపెట్టడానికి కాళ్లు రావు.

మరి అన్నీ సరిగ్గా చేసి కూడా ఓడిపోతే? నాలుగింటినీ నిజాయితీగా చూసుకున్నాక ఐదోదానికి వదిలేయండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం. ఈ లెక్క ఎవరికి వాళ్లు వేసుకోవాల్సింది. కోచ్‌కి ఫీజు కట్టలేని పిల్లాడితోనో, ఇంటర్వ్యూ పోయి ఇంటికొచ్చిన తమ్ముడితోనో “అంతా నీ కర్మ” అనడానికి గీతను వాడుకోకండి. వాళ్లకి ముందు కాసిని మంచినీళ్లివ్వండి.

మీ వరకు వస్తే, ఈసారి ఏదైనా పోయినప్పుడు ఒక కాగితం మీద ఆ ఐదు పేర్లూ రాయండి. నాలుగింటి ఎదురుగా మీకు తెలిసిన నిజం రాసుకోండి. వాటిలో రేపు మార్చుకోగలిగింది ఒక్కటి పట్టుకోండి చాలు. ఐదోది కృష్ణార్పణం.